ఎవరికి ఎవరు భారం

డిసెంబరు ఎండ మా సైదాబాదు మేడల మీద పడినంత మెత్తగా మరెక్కడా పడదని నా నమ్మకం. (పుట్టి పెరిగిన చోటు గనుక ఈ పక్షపాతాన్ని చదువరులు మన్నించాలి.) 2025 డిసెంబరులో సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ ఆ ఎండలో చాప పరచుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే, నేను పక్కన ఒక పాత పుస్తకం పట్టుకుని కునికిపాట్లు పడుతున్నాను. అప్పుడు మెట్లెక్కి వచ్చింది మా వీధి చివరింటి చిన్నమ్మ. ఆమెతో మాకు చుట్టరికమేమీ లేదు. నలభై యేళ్ళ క్రితం నల్లగొండ జిల్లా నుండి వచ్చి ఇక్కడ ఒకే వరుసలో జాగాలు కొనుక్కున్నవాళ్ళు ఒకరికొకరు అక్కలూ చెల్లెళ్ళూ అయిపోయారు, అంతే.

ఆమె కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, అమ్మతో కాక నాతో మొదలుపెట్టింది.

"నిన్నొక మాట అడుగుదామని వచ్చిన అయ్యా. అమెరికాల సర్కారు సొమ్ము తింటే గ్రీన్‌కార్డు ఇయ్యరంట గదా, నిజమేనా?"

సంగతేమిటంటే, ఆమె చిన్న కూతురూ అల్లుడూ అక్కడొక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులు. వాళ్ళకు వచ్చే భత్యం ఇంటి అద్దెకూ తిండికీ సరిపోతుంది. అక్టోబరులో వాళ్ళకు ఏడో నెలలోనే బాబు పుట్టాడు. పిల్లవాడు పుట్టుకతో అమెరికా పౌరుడు, తల్లిదండ్రుల ఆదాయం తక్కువ. అందుచేత ఆసుపత్రివాళ్ళే కాగితాలు నింపించి వాడిని మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్యబీమాలో చేర్పించారు. నెలలు నిండకుండా పుట్టినవాడికి కళ్ళ పరీక్షలనీ ఊపిరితిత్తుల పరీక్షలనీ తరచుగా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళవలసి ఉంటుంది. ఇంతలో అల్లుడికి వాట్సాపులో ఎవరో ఒక సందేశం పంపారు. చదువు ముగించి, ఉద్యోగం సంపాదించి, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు వేసుకోవాలని కలలు కంటున్న కుర్రవాడు. బెదిరిపోయాడు. పిల్లవాడిని ఆ బీమా నుండి తీసివేయించి, పరీక్షలు కొంచెం తగ్గిద్దామంటున్నాడట. ఆ పిల్ల ఫోనులో ఏడుస్తున్నదట.

నాకు సరిగా తెలియదని తప్పించుకుని ఉండవచ్చు. కానీ నా చూపు అమ్మ కాలి మీద పడింది. అమ్మ కుడికాలికి చిటికెన వేలు లేదు. షుగరు వల్ల తీసివేశారని వీధిలో అందరికీ తెలుసు. అందులో నా పాలు ఎంత ఉన్నదో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

అమెరికా వలస చట్టంలో "పబ్లిక్ ఛార్జి" అని ఒక మాట ఉంది. ప్రభుత్వం పోషిస్తే తప్ప బతకలేని మనిషి అని తాత్పర్యం. తెలుగులో ప్రజాభారం అనుకోవచ్చు. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ముందుముందు అలా తయారవుతాడని అధికారికి తోస్తే వలస వీసా గానీ శాశ్వత నివాసం గానీ నిరాకరించవచ్చు. ఇది నిన్నగాక మొన్న పుట్టిన నియమం కాదు. 1882 ఆగస్టులో చేసిన వలస చట్టంలోనే, నేరస్థులూ మతిస్థిమితం లేనివారూ ప్రజాభారం కాకుండా తమను తాము చూసుకోలేనివారూ ఓడ దిగరాదని రాసుకున్నారు. ఓడలో వచ్చే ప్రతి విదేశీయుడి తలకూ అర డాలరు పన్ను కూడా వేశారు. కష్టాల్లో పడిన వలసదారులను ఆదుకోవడానికి ఆ డబ్బే వాడాలన్నారు. ఒక చేత్తో "భారమైతే రావద్దు" అని, రెండవ చేత్తో భారాన్ని మోయడానికి ముందుగానే రుసుము పుచ్చుకోవడమన్న మాట.

ఇంతకీ ఆ మాటకు చట్టం నిర్వచనం ఇవ్వలేదు. నిర్వచనం లేని మాట అధికారి చేతిలో ఎంత కావాలంటే అంత సాగుతుంది. 1910లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ దీవిలో వలస కేంద్రం తెరిచాక, అక్కడికి చేరిన మన దేశపు కూలీలను తిప్పిపంపడానికి బాగా అక్కరకు వచ్చిన సాకు ఇదే. వాళ్ళలో ఎక్కువ మంది పంజాబు రైతుబిడ్డలు. ఒళ్ళు వంచి పనిచేయగల జవాన్లు భారమెలా అవుతారు? ఇక్కడి జనానికి మీరంటే గిట్టదు, గిట్టదు గనుక పని ఇవ్వరు, పని దొరకదు గనుక మీరు భారమవుతారు. అదీ తర్కం. 1915లో రష్యా నుండి వచ్చిన కూలీల వ్యాజ్యంలో, వెళ్ళబోయే ఊరిలో పనులు లేవన్న కారణంతో మనిషిని ప్రజాభారం అనడానికి వీల్లేదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ హోమ్స్. అయితే 1917లో ఆసియాలో అధిక భాగాన్ని గీత గీసి నిషేధించారు గనుక ఆ తీర్పు వల్ల మనవాళ్ళకు ఒరిగిందేమీ లేదు. 1930 సెప్టెంబరులో, ఆర్థికమాంద్యం రోజుల్లో, హూవరు ప్రభుత్వం ఇదే నియమాన్ని బిగించి పాటించమని వీసా అధికారులకు చెప్పింది. తరువాతి యేళ్ళలో జర్మనీ నుండి పారిపోవాలని చూసిన ఎందరో యూదులకు తలుపు తెరుచుకోకపోవడానికి ఆ బిగింపు కూడా ఒక కారణం.

రెండవ వైపు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 1996కు ముందు, "మా తల్లిదండ్రులను మేమే పోషిస్తాం" అని పిల్లలు సంతకం చేసి పెద్దలను రప్పించుకునేవారు. కొన్నేళ్ళు గడిచాక ఆ పెద్దల్లో కొందరు ఎస్సెస్సై అనే నగదు సహాయానికి చేయి చాపేవారు. పిల్లల సంతకానికి కోర్టులో విలువ ఉండేది కాదు. 1996లో వచ్చిన చట్టాలు ఆ సందు మూసివేశాయి. ఇప్పుడు సంతకం పెట్టే ఐ-864 పత్రం ఒక ఒప్పందం. పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపాలి. వచ్చినవారు పౌరులయ్యేవరకో, నలభై త్రైమాసికాల పని వారి లెక్కకు చేరేవరకో ఆ పూచీ తప్పదు. విడాకులు తీసుకున్నా తీరిపోదు. కొత్తగా కార్డు వచ్చినవారిలో చాలామందికి మొదటి అయిదేళ్ళు అనేక సమాఖ్య పథకాలు వర్తించవు. ఇందులో నాకు అన్యాయం కనబడదు. తల్లిని తెచ్చుకున్నవాడు తల్లిని పోషించాలి.

అయితే ఆ చట్టాలతో పాటు భయమూ వచ్చింది. తీసుకోదగిన వైద్యానికి కూడా వలసదారులు జంకడం మొదలుపెట్టారు. అందుకని 1999లో వలసశాఖ ఒక వివరణ ఇచ్చింది. బతుకుతెరువుకు ప్రధానంగా ప్రభుత్వం ఇచ్చే నగదు మీద ఆధారపడినా, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం ఏదైనా సంరక్షణాలయంలో ఉన్నా మాత్రమే ప్రజాభారం అన్నది. తిండి కూపన్లూ వైద్యబీమా పిల్లల బడి భోజనమూ లెక్కలోకి రావన్నది. నియమం కన్నా దాని గురించిన భయం ఎక్కువ దూరం నడుస్తుందని ప్రభుత్వానికి అప్పటికే అర్థమయిందన్న మాట. నాకు అర్థం కావడానికి ఇంకో ఇరవై యేళ్ళు పట్టింది.

2019 ఆగస్టు 14న అమెరికా ప్రభుత్వం ఆ పాత వివరణను తీసివేసి కొత్త నిబంధన ప్రకటించింది. తిండి కూపన్లు, అద్దె సహాయం, మెడికెయిడ్‌లో అధిక భాగం లెక్కలోకి వచ్చాయి. 36 నెలల్లో మొత్తం మీద 12 నెలలకు మించి తీసుకుంటే ప్రజాభారమే. ఒకే నెలలో రెండు పథకాలు వాడుకుంటే రెండు నెలల కింద లెక్క. కోర్టులు కొంతకాలం ఆపాయి. 2020 జనవరి 27న సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా అనుమతించింది. ఫిబ్రవరి 24 నుండి అమలు. నెల తిరగకుండానే కరోనా వచ్చి పడింది.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. 2019 డిసెంబరులో, మా రెండో అమ్మాయి పురుటికి, సందర్శక వీసా మీద వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తరువాత ప్రత్యేక విమానాలు నడిచాయి గానీ, అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఆ గుంపులో ఒంటరిగా పంపడానికి మనసు ఒప్పలేదు. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇక్కడ ఇంటికి తాళం. నేను 2018లో పౌరసత్వం తీసుకున్నాను గనుక, శాశ్వత నివాసానికి దరఖాస్తు వేద్దామా అని అడిగాను. "పెట్టురా, కొన్ని దినాలు ఉంట" అంది.

ఆ దరఖాస్తుకు ఐ-944 అని ఒక పత్రం జతచేయాలి. స్వయంపోషణ ప్రకటన. పద్దెనిమిది పుటలు. ఆ జూన్ నెలలో సగం రోజులు దానికే సరిపోయాయి. వయసు 18కీ 61కీ మధ్యన ఉంటే అనుకూలం, అమ్మ ఆ గీత దాటి ఏడేళ్ళయింది. ఆరోగ్యం: మధుమేహం. చదువు: ఏడో తరగతి. ఇంగ్లీషు: నాలుగు మాటలు. వైద్యబీమా: సందర్శకులు కొనుక్కునేది, పాత జబ్బులకు పనికిరానిది. అమెరికాలో పరపతి చరిత్ర: లేదు. లేదని రుజువు తేవాలి. ఆస్తి: సైదాబాదులో నూట యాభై గజాల ఇల్లు. దానికి విలువ కట్టించే పని మా మేనత్త కొడుకు మీద పడింది. లాక్‌డౌను సడలించిన గంటల్లో అతను మూసారంబాగు నుండి స్కూటరు మీద వెళ్ళి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంజనీరును పట్టుకుని, ఇంటి ఫొటోలు తీయించి, కాగితాలు స్కాన్ చేయించి పంపాడు. ఆ ఫొటోల్లో మా గడప మీద ముగ్గు లేదు. అమ్మ వాటిని చాలాసేపు చూసింది.

నైపుణ్యాలు అన్న చోట ఏం రాయాలో తోచలేదు. అమ్మ ఇరవై యేళ్ళు మా వీధిలో చిట్టీ నడిపింది. ఎవరికీ రూపాయి బాకీ పడలేదు. ఆమె నోటిమాట మీద మా కాలనీలో ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. ఆ పరపతిని అంకెల్లోకి మార్చే సంస్థ ఏదీ అమెరికాలో లేదు. నాన్న గుమాస్తా జీతం ఇరవయ్యో తేదీకి అయిపోతే మిగిలిన పది రోజులు అమ్మ కుట్టుమిషను మీద నడిచేవి. దానికీ రసీదులు లేవు. ఇంట్లో పిల్లలనో రోగులనో ముఖ్యంగా చూసుకుంటున్నది మీరేనా అని మాత్రం ఒక ప్రశ్న ఉంది. అవునని రాశాను. బడులు మూసివేసిన ఆ యేడాది మేమిద్దరం గది తలుపులు వేసుకుని ఉద్యోగాలు చేసుకున్నామంటే, తలుపు అవతల ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టిన మనిషి వల్లనే. ఆ అవునుకు ఇంతకంటే వివరం రాయడానికి చోటు లేదు.

లెక్క ప్రకారం నాకు భయపడవలసిన అవసరమే లేదు. 2020లో అయిదుగురున్న ఇంటికి పేదరికపు గీత 30,680 డాలర్లు. దానికి 125 శాతమంటే 38,350. మా ఇద్దరి జీతాలు అంతకు ఎంతో పైన. అయినా భయపడ్డాను. ఒక రాత్రి స్నేహితుడితో ఫోనులో ఇలా అన్నాను: "ఈ సమయంలో అమ్మకు ఆసుపత్రి పడకూడదు. ఎక్కడో ఒక డాలరు ప్రభుత్వ సొమ్ము తగిలినా ఫైలు పోతుంది." అది శుద్ధ తప్పు. ఆ తప్పు నేను ఎక్కడా చదవలేదు, నలుగురూ అనుకుంటుంటే విని నేనూ అన్నాను. అమ్మ వంటగదిలో గిన్నెలు సర్దుతూ ఉంది. వింటున్నదని నాకు తెలియదు.

అమ్మ ఆరు నెలలకు సరిపోయే మాత్రలు ఇక్కడినుండే తెచ్చుకుంది. జూన్‌కల్లా అవి అయిపోవాలి. ఉన్నాయా అని అడిగితే "ఉన్నయిరా" అనేది. ఉన్న మాట నిజమే. ఎందుకున్నాయో నేను అడగలేదు. మాత్రను రెండు ముక్కలు చేసి, పూటకొక ముక్క వేసుకుంటున్నది. ఆగస్టులో పెరట్లోని చెక్క అరుగు మీద ఒట్టికాళ్ళతో నడుస్తుంటే పుల్ల గుచ్చుకుంది. పసుపు అద్ది, పైన మేజోడు తొడుక్కుంది. ఇంత వేసవిలో మేజోళ్ళేమిటని మా ఆవిడ అడిగితే చలిగా ఉందన్నది. సెప్టెంబరు చివరన జ్వరం వచ్చింది. అప్పుడు మా పెద్దమ్మాయి నా దగ్గరకు వచ్చి, "నానమ్మ కాలి దగ్గర వాసన వస్తోంది నాన్నా" అంది. దానికి అప్పుడు ఏడేళ్ళు.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. వేలు తీసివేశారు. పాదం దక్కింది. అక్కడ ఖర్చుల సంగతి చూసే ఆవిడ రెండు పత్రాలు ఇచ్చింది. ఒకటి అత్యవసర మెడికెయిడ్‌కు, రెండవది ఆసుపత్రివారి సొంత ధర్మనిధికి. రెండూ మడిచి తిరిగి ఇచ్చేశాను. తరువాత రెండేళ్ళు వాయిదాలు కట్టాను. కట్టినందుకు విచారం లేదు, కట్టగల స్థితిలోనే ఉన్నాం. విచారమల్లా ఒకటే. జూన్‌లో ఏదో ఒక మామూలు వైద్యుడి దగ్గర మన డబ్బు మనం కట్టి మాత్రలు రాయించుకుంటే ఏ నియమమూ అడ్డు వచ్చేది కాదు. ఆ మాత్రలు అమెరికాలో కూడా చవకే. ప్రభుత్వ సొమ్ముకూ మన సొమ్ముకూ, బీమాకూ భిక్షకూ, రోగానికీ నేరానికీ తేడా తెలియకుండా చేస్తుంది భయం.

ఇంటికి తీసుకువచ్చాక అడిగాను, ఎందుకు దాచావమ్మా అని. "ఫైలు పోతదంటివి గద. నీకు బరువు గావద్దనుకున్న" అంది.

మన పెద్దలు దేవుడి ముందు కోరుకునేదీ అదే కదా, ఎవరికీ భారం కాకుండా పోవాలని. పద్దెనిమిది పుటల్లో ప్రభుత్వం అడిగిన ప్రశ్నను అమ్మ చిన్నప్పటినుండి తనను తాను అడుగుకుంటూనే ఉంది. చట్టం ఆమెను భయపెట్టనక్కరలేదు. ఆమె అప్పటికే అటువైపు సాక్షి.

ఆ పత్రం కథ చివరికి ఏమయిందంటే, 2020 జులై 29న న్యూయార్కులోని ఒక కోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. సెప్టెంబరులో పైకోర్టు మళ్ళీ కదలనిచ్చింది. 2021 మార్చి 9న అది పూర్తిగా రద్దయింది. మా మేనత్త కొడుకు స్కూటరు తిరుగుళ్ళూ ఇంటి విలువా అన్నీ లెక్కలోంచి తొలగిపోయాయి. ఆ యేడు వేసవిలో కార్డు వచ్చింది. 2022లో అమ్మ సైదాబాదుకు వచ్చేసింది, మళ్ళీ వెళ్ళలేదు. తరువాత కార్డును తానే వదులుకుంది. వేలు మాత్రం పోయినట్టే.

అందరం ఇలాగే ఉన్నామా అని తరువాత వెతికాను. 2018 డిసెంబరులో, అంటే ఆ నిబంధన ఇంకా ప్రతిపాదనగా ఉన్న రోజుల్లోనే, అర్బన్ ఇన్‌స్టిట్యూట్ ఒక సర్వే చేసింది. వలసదారుల కుటుంబాల్లో ఏడుగురు పెద్దల్లో దాదాపు ఒకరు, గ్రీన్‌కార్డు చెడుతుందన్న భయంతో తమ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక సహాయం మానుకున్నామని చెప్పారు. నియమం పుట్టకముందే దాని పని అది చేసుకుపోయింది.

మళ్ళీ మేడమీదికి వద్దాం. చిన్నమ్మకు నేను చెప్పినది ఇది. 1999 వివరణలో గానీ, అన్నిటికన్నా కఠినమైన 2019 నిబంధనలో గానీ, 2022 డిసెంబరు 23న అమలులోకి వచ్చిన తరువాతి నిబంధనలో గానీ, పౌరుడైన బిడ్డ తీసుకున్న వైద్య సహాయాన్ని తల్లిదండ్రుల లెక్కలో వేయలేదు. 2019 నాటి నిబంధన కూడా 21 యేళ్ళలోపు వారి మెడికెయిడ్‌నూ, గర్భిణుల మెడికెయిడ్‌నూ, అత్యవసర చికిత్సనూ వదిలివేసింది. (అమ్మ విషయంలో నేను మడిచి ఇచ్చేసిన పత్రాల్లో ఒకటి ఆ నిబంధన కిందనే లెక్కకు రానిది. రెండవది అసలు ప్రభుత్వ సొమ్మే కాదు.) 2022 నిబంధన దాదాపు 1999 గీత దగ్గరకే తిరిగి వచ్చింది. నగదు సహాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాల సంరక్షణాలయ వాసం, ఈ రెండే లెక్క.

అలాగని అల్లుడి భయం గాలిలోంచి పుట్టలేదు. 2025 నవంబరులో ఆ 2022 నిబంధనను ఎత్తివేసి, చాలావరకు అధికారుల విచక్షణకే వదలాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. అంటే ఆ మాటను మళ్ళీ 1882 నాటిలాగా నిర్వచనం లేకుండా చేయడం. అందుచేత ఆ దంపతులు దరఖాస్తు వేసే ముందు, వేసే రోజున ఏ నియమం ఉన్నదో వలస న్యాయవాదికి చూపించుకోవాలని చెప్పాను. వాట్సాపుకు కాదు. తమ పేరు మీద నగదు సహాయం దేనికీ సంతకం పెట్టవద్దన్నాను. పిల్లవాడి వైద్యం మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దన్నాను.

చిన్నమ్మ అంతా విని, అసలు ముల్లు ఎక్కడున్నదో అప్పుడు బయటపెట్టింది. "మాకు తెల్లకార్డు ఉండె. మీ బాబాయికి ఆరోగ్యశ్రీల గుండె ఆపరేషన్ అయింది. మాకేం సిగ్గు లేకపాయె, మన సర్కారు గదా. గది వేరేటోళ్ళ సర్కారాయె. పరాయి సొమ్ము తిన్నట్టు గాదా?"

ఈ ప్రశ్నకు న్యాయవాదుల దగ్గర సమాధానం లేదు. నాకు తోచినది చెప్పాను. "మీ అల్లునికి అది వేరేవాళ్ళ సర్కారే చిన్నమ్మా. నీ మనుమనికి మాత్రం అది వాని సర్కారే. నీకు తెల్లకార్డు ఎట్లనో వానికి అది అట్లనే."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పక్కింటి టీవీలో సీరియల్ మొదలయిన చప్పుడు వినబడింది. తరువాత కూతురికి ఫోను కలిపి నా చేతికిచ్చింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు, పిల్లవాడు ఏడుస్తున్నాడు గనుక ఆ అమ్మాయి మేలుకునే ఉంది. నేను పైన రాసినదంతా చెప్పాను. "అది కాదన్నా, ఆయన వినట్లేదు, రిస్క్ ఎందుకంటున్నడు" అంటూ ఉంది. అమ్మ పప్పుచేట పక్కన పెట్టి, ఫోను ఇమ్మని చేయి చాపింది.

"బిడ్డా, నేను పెద్దమ్మను. నీ పెనిమిటికి నా మాటగ చెప్పు. నేను గట్లనే భయపడి దాసిపెట్టుకున్న. నాకు ఏలు పోయింది. మీ అన్న ఇప్పటికీ నా కాలు దిక్కు సూడలేడు. నేనంటె ముసల్దాన్ని, పసిపోరనికి ఎందుకు ఆ శిక్ష? వాన్ని దవాఖాన మాన్పియ్యకుండ్రి."

ఇదంతా ఇంకొకరితో అమ్మ అనగా వినడం నాకదే మొదటిసారి. చిన్నమ్మ అమ్మ కాలి వంక చూసి, తరువాత నా వంక చూసి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె మర్యాద.

ఆ సాయంత్రం ఏదో కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. సాయిబాబా గుడి దగ్గరనుండి చైతన్యపురి వైపు దారి పొడవునా ఇప్పటికీ అవే బోర్డులు. అమెరికాకు ఎలా వెళ్ళాలో, ఏ పరీక్షకు ఎన్ని వారాలు చదవాలో, ఏ వీసాకు ఏ కాగితం కావాలో చెప్పే బోర్డులు. మా బ్యాచి పిల్లలం ఈ హాస్టళ్ళలోనుండే కదా విమానం ఎక్కింది. వెళ్ళాక జబ్బు చేస్తే ఏ కాగితం మీద సంతకం పెట్టవచ్చునో చెప్పే బోర్డు ఒక్కటీ కనబడలేదు. అలాంటిదొకటి పెట్టగలిగితే నాలుగు సంగతులు రాయిస్తాను. కాందిశీకులకూ ఆశ్రయం పొందినవారికీ ఈ ప్రజాభారం నియమం వర్తించదు. పౌరసత్వ దరఖాస్తులో ఈ పరీక్ష లేదు. కార్డు ఉన్న పెద్దలు 180 రోజులు దాటి బయట ఉండి తిరిగి వెళితే ఈ ప్రశ్న మళ్ళీ ఎదురుకావచ్చు, ఇక్కడికీ అక్కడికీ తిరిగే మన తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. నాలుగవది చట్టంలో లేనిది: సొంత డబ్బుతో చేయించుకునే వైద్యానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జనవరిలో నేను తిరిగి వచ్చాక చిన్నమ్మ నుండి ఒక ఫొటో వచ్చింది. బీమా తీసివేయించలేదు, న్యాయవాదిని కూడా కలిశారట. పిల్లవాడు నీలం దుప్పటిలో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బాగానే బరువు పెరిగాడని కింద రాసింది. బరువు అన్న మాటను అంత సంతోషంగా చదవడం నాకు చాలా యేళ్ళ తరువాత జరిగింది.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో సందర్శక వీసా మీద వచ్చినవారో, కాగితాల కోసం ఎదురుచూస్తున్నవారో పెద్దలెవరైనా ఉంటే, మందులు ఉన్నాయా అని అడగకండి. ఉన్నాయనే అంటారు. డబ్బా తీసి మీరే లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలి ఉంటే, కూర్చోబెట్టి మాట్లాడండి.